ఆ జేబు మీది కాదు

మా బాబాయికి కోపం రావడం మానేసి మూడేళ్లయింది. వీధిలో అందరూ దీన్ని శుభవార్తలా చెప్పుకుంటారు. "మనిషి ఎంత మారిపోయాడమ్మా, ఇప్పుడు మాట్లాడుతుంటే వెన్న రాసినట్టుంటుంది" అని మా పిన్నితో అంటారు. పిన్ని తల ఊపుతుంది. పక్కనుంటే నేనూ తల ఊపేదాన్ని. నలుగురిలో నాకు నోరు పెగలదు. అప్పుడు అనలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆ వెన్న అంటే నాకు అసహ్యం.

బాబాయిది లాండ్రీ. రెండు గదుల కొట్టు. ముందు గదిలో బల్ల, దాని వెనక బట్టలు వేలాడే ఇనప కడ్డీలు. వెనక గదిలో ఉతికే యంత్రం, మరకలు తీసే రాతిపలక, రెండు ఇస్త్రీ బల్లలు, కిటికీ పక్కన గుండీల అత్త కుర్చీ. ఆవిడ మాకు చుట్టం కాదు. బాబాయి అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీలోనే కూర్చుని ఊడిన గుండీలు కుట్టేది. ఆ గదిలో ఎప్పుడూ ఆవిరే. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతూ ఉంటే అత్త మధ్యమధ్య మోచేత్తో తుడిచి వీధిలోకి చూసేది. వీధిలో ఆవిడకి తెలియని సంగతి ఉండేది కాదు.

బాబాయి పన్నెండో ఏట చేతిరుమాళ్లు మడతపెట్టడంతో ఈ పనిలోకి దిగాడు. ఎడమ మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ ఉంటుంది. బట్టను చూసి మనిషిని చెప్పేవాడు. కుడి మోచెయ్యి దగ్గర అరిగితే రాతపని. కాలరుకి ఒక పక్కే జిడ్డు పడితే ఫోను భుజానికి నొక్కుకుని మాట్లాడే రకం. ఇన్ని తెలిసినవాడికి నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు.

"రేపు పొద్దున్నకల్లా కావాలండీ" అని ఎవరైనా అంటే, "రేపటికి కావాలంటే నిన్న తేవాలి. ఇవాళ తెచ్చావు కాబట్టి ఎల్లుండి" అనేవాడు.

"ఈ మరక పోలేదేంటి?"

"తినేటప్పుడు నోరు ఎక్కడుందో చూసుకుని తినాలి. నేను బట్టలు ఉతుకుతాను, అలవాట్లు ఉతకను."

అలిగి వెళ్లినవాళ్లు చాలామంది రెండు వారాలకి మళ్లీ వచ్చేవాళ్లు. కాలరు ఆయనలా నిలబెట్టేవాళ్లు చుట్టుపక్కల లేరు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. నాన్న పోయాడు, అమ్మ మంచం పట్టింది, ఇద్దర్నీ బాబాయే తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ మేలు కాదనను. "దీనికి ఏం పని చెబుదాం? మనిషొస్తే మూల నక్కుతుంది" అని పిన్ని అంటే, బాబాయి ఆలోచించకుండా "జేబులు" అన్నాడు. "మాట్లాడదు, చూస్తుంది. జేబులకి అదే కావాలి."

జేబులు చూడడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బట్ట రాగానే దానికి నంబరు చీటీ పిన్ను చెయ్యాలి. తర్వాత ఒక్కో జేబూ బయటికి లాగి, బల్ల మీద పరిచిన గుడ్డ మీద దులపాలి. రాలింది ఏదైనా సరే, చిరిగిన టికెట్టైనా, ఉత్తరమైనా, కాగితంలో పెట్టి నాలుగు మడతలు మడిచి, పైన నంబరు వేసి బిస్కెట్ డబ్బాలో పడేయాలి.

"చూడు, చదవకు. కన్ను పడి చదివేశావా, మర్చిపో" అన్నాడు మొదటి రోజు.

నేను చదివేదాన్ని. బడి మానేసినవాళ్లకి అక్షరం కనబడితే ఆగబుద్ధి కాదు. మర్చిపోయినట్టు ఉండడం మాత్రం నేర్చుకున్నాను.

ఆ పొట్లం ఎవరి చేతికి వెళుతుంది అన్న దగ్గరే ఆయన పట్టుదలంతా. చీటీ పట్టుకొచ్చినవాళ్లకి బట్ట ఇచ్చేవాడు, పొట్లం ఇచ్చేవాడు కాదు. ఒకసారి ఒకావిడ భర్త కోటు తీసుకోవడానికి వచ్చి, జేబులో ఏమైనా దొరికితే అదీ ఇమ్మంది.

"ఆయన్ని రమ్మనండి" అన్నాడు బాబాయి.

"నేను ఆయన భార్యని."

"కాదన్నానా? కోటు మీకు సరిపోతుందా?"

"నాకెందుకు సరిపోతుంది?"

"అయితే ఆ జేబు మీది కాదు."

ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు. భర్తలకీ ఇదే జవాబు, తల్లులకీ ఇదే జవాబు. ఒక తండ్రి కొడుకు ప్యాంటు జేబులో ఏముందో చెప్పమని బల్ల గుద్దితే, "ఇంకాస్త గట్టిగా గుద్దండి. దాని కాలు ఎప్పట్నుంచో ఊగుతోంది, ఊడితే మీ చేతే కొత్తది చేయిస్తాను" అన్నాడు.

లోపల్నుంచి గుండీల అత్త కేకేసింది. "ఒరేయ్, నీ నోటి మూలాన ఇద్దరం రోడ్డున పడతాం."

"పడితే సూదీ దారం పట్టుకుని పడు అక్కా. గుండీలు ఊడేవాళ్లు అక్కడా ఉంటారు."

అలాంటి మనిషి మా బాబాయి. మొరటు. నోటిదురుసు. ఆయన డబ్బాలో పడ్డ రహస్యం మాత్రం బయటికి పొక్కేది కాదు.

ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకావిడ ఉండేది. ఎనిమిదో తరగతిలో నా వ్యాసాలు దిద్దిన టీచరమ్మ. నేను బడి మానేసినప్పుడు కొట్టు దాకా వచ్చి, "చదువు మానేశావు, సరే. రాయడం మానకు" అని ఒక నోటుపుస్తకం ఇచ్చి వెళ్లింది. ఆవిడకి పొడవాటి గోధుమరంగు కోటు ఒకటి ఉండేది. రెండు వారాలకోసారి తనే తెచ్చి ఇచ్చేది. దాని లోపలి జేబులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఒకసారి ఉత్తరం, ఒకసారి తన చదువు పత్రాల నకళ్లు, ఒకసారి ఉద్యోగానికి రాసుకున్న అర్జీ. ఆవిడ మరిచిపోయి వదిలేయడం లేదని నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇంట్లో దాచుకునే చోటు లేక మా డబ్బాలో దాచుకుంటోంది. "మా ఇంట్లో నా బ్యాగు రోజూ వెతుకుతారు అత్తా" అని గుండీల అత్తతో ఒకసారి అనడం విన్నాను. అత్త అడగకపోతే ఆవిడ చెప్పేది కాదు. అత్త మాత్రం ఎవర్నీ అడగకుండా వదిలేది కాదు.

ఆ తర్వాత ఊళ్లోకి కంపెనీ దిగింది. ఫోను మీద వేలు పెడితే ఇంటికొచ్చి బట్టలు పట్టుకెళ్తారు, ఇంటికే తెచ్చిస్తారు. ఏడాది తిరిగేసరికి మా కడ్డీలు సగం ఖాళీ. అప్పుడు కంపెనీ మనిషి వచ్చాడు. చొక్కా మీద ఒక్క ముడతైనా లేని మనిషి. కొట్టు కొట్టులాగే ఉంటుందన్నాడు. బోర్డు తమది, యంత్రం తమది, పని బాబాయిది. సంతకం పెట్టాక కొట్లో వేసుకోవడానికి కంపెనీ పేరున్న ఒక నీలం జాకెట్టు, ఒక ఫోను ఇచ్చాడు. ఖాతాదారుల పట్టీ కూడా చేయించాడు. ఇంటికి ఒక ఖాతా, ఖాతాకి ఒక ఫోను. టీచరమ్మ ఇంటికి ఆవిడ భర్త ఫోను.

బాబాయిని రెండు రోజులు శిక్షణకి తీసుకెళ్లి పన్నెండు వాక్యాలున్న కాగితం చేతికిచ్చి పంపారు. నాకు చదివి పెట్టమన్నాడు, చిన్న అక్షరాలు ఆయనకి కళ్లద్దాలతో గాని కనబడవు, ఆ కళ్లద్దాలు ఎప్పుడూ దొరకవు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." "మీ సూచన మాకు విలువైనది." పన్నెండింట్లో ఒక్కదానిలోనూ 'నేను' లేదు.

"ఇవన్నీ నేను అనాలా? వీటితో మరకలు పోతాయా?" అన్నాడు ఆ రోజు. గుండీల అత్త కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆయన ఆవిణ్ని అలా నవ్వించిన ఆఖరిసారి అదే.

వారం తిరక్కుండా కంపెనీ ఫోనులో, అయిదింటికి ఒకటి చొప్పున, మొదటి ఒంటి స్టారు వచ్చింది. "బట్టలు బాగా ఉతికారు. యజమాని మొరటువాడు" అని రాశాడు ఎవరో. బాబాయి నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు.

"బాగా ఉతికానని రాశాడు కదా?"

"రాశాడు బాబాయ్."

"మరి ఒకటే ఎందుకిచ్చాడు?"

ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు రేపటికే కావాలని ఒకాయన అడిగితే, నేను బాబాయి నోటివంక చూస్తున్నాను. "తప్పకుండా సార్. మీ సమయం మాకు విలువైనది" అన్నాడు.

మొదట్లో కోపాన్ని మింగుతున్నాడనుకున్నాను. మింగింది లోపల ఎక్కడో ఉంటుంది, ఇంటికెళ్లాకైనా బయటికొస్తుంది అనుకున్నాను. రాలేదు. వెతికాను కూడా. పాలు పొంగిపోయినా, నేను చొక్కా కాల్చినా కోపం రాలేదు. ఆ కోపం ఊడిపోయేటప్పుడు దాన్ని అంటిపెట్టుకున్నదేదో కూడా ఊడి దాంతోపాటు పోయింది. అదేమిటో నాకు ఆ సోమవారం దాకా తెలియలేదు.

స్టార్లు పెరిగే కొద్దీ ఆయనకి వాటి మీద ఇష్టం పెరిగింది. పొద్దున్న లేవగానే చదువు అని ఫోను నా చేతికిచ్చేవాడు. నేను చదవాలి, పిన్ని వినాలి, మంచంలో అమ్మ కూడా వినాలి. తర్వాత ఇంట్లో తనూ స్టార్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదట తమాషాకే.

"కూర నాలుగు" అనేవాడు. ఒకరోజు "మూడు" అన్నాడు.

"మూడా? తక్కువైన ఆ రెండూ ఎక్కడైనా హోటల్లో తినిరా" అంది పిన్ని.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "తిట్టడం లేదుగా? ఎలా ఉందో చెబితే నువ్వే బాగుపడతావు" అన్నాడు మెత్తగా. అంతకుముందు కూర బాగోకపోతే కంచం జరిపి గొడవపడేవాడు, పిన్ని తిరగబడేది, సాయంత్రానికి ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగేవాళ్లు. మూడు అన్నాక పిన్నికి తిరగబడడానికి ఏమీ మిగల్లేదు. కూర గిన్నె వైపు చూస్తూ కూర్చుంది.

గుండీల అత్త వంతు ఆ శీతాకాలంలో వచ్చింది. లోపల కూర్చునే ముసలావిడ సొంత విషయాలు అడుగుతోందని ఒక ఖాతాదారు రెండు స్టార్లు పెట్టాడు. బాబాయి ఆవిడ కుర్చీ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "ఇన్నేళ్ల మీ సేవలకు మా ధన్యవాదాలు" అన్నాడు.

అత్త సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తింది. "ఏంట్రా?"

"మీ సేవలు మాకు ఎప్పటికీ గుర్తుంటాయి."

"పొమ్మంటున్నావా? పొమ్మను. తిట్టి పొమ్మను, నేనూ తిట్టి పోతాను. ఆ కంపెనీవాడి గొంతేసుకుని చెప్పకురా, నీ గొంతుతో చెప్పు."

ఆయన నోరు తెరిచాడు. నిజంగా వెతుక్కున్నాడు, నేను చూశాను. దొరకలేదు. మళ్లీ అదే వాక్యం అన్నాడు. అత్త గుండీల సీసా చంకన పెట్టుకుని, కుర్చీ కూడా తీసుకుని, మా ఎదురు సందులో ఉన్న తన గదికి వెళ్లిపోయింది.

తర్వాత ఫోటోల పద్ధతి వచ్చింది. జేబులో దొరికిన ప్రతి వస్తువూ తెల్లగుడ్డ మీద పెట్టి ఫోటో తీసి ఖాతాదారు ఫోనుకి పంపాలి, కింద "మీ వస్తువు మా వద్ద భద్రంగా ఉంది" అని వస్తుంది. జనం మురిసిపోయారు. పెన్ను దొరికిందని అయిదు, చేతిరుమాలు దొరికిందని అయిదు. బాబాయి చెయ్యి పనిమంతుడి చెయ్యి కదా, ఫోటోలు కూడా అందంగా తీసేవాడు. నలిగిన కాగితముంటే సన్నటి సెగ మీద ఇస్త్రీ చేసి, అక్షరాలు కనబడేలా పరిచేవాడు. ఆయన తీసిన ఫోటోల్ని కంపెనీ మిగతా కొట్లకి నమూనాగా పంపించింది. బిస్కెట్ డబ్బాలో పిన్నులు పోశాడు.

ఇంక ఆ సోమవారం. పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. చాలా నెలలుగా ఆ కోటు జేబు ఖాళీగానే వస్తోంది. ఆ రోజు కోటు నా చేతుల్లో పెడుతూ, "లోపలి జేబు చూసుకో. శుక్రవారం నేనే వస్తాను" అంది మెల్లగా. నేను తల ఊపాను. ఫోటోల సంగతి ఆవిడకి తెలియదని నాకు ఆ క్షణంలో తట్టలేదు. ఆ కబుర్లన్నీ భర్త ఫోనుకే వెళతాయి మరి. తట్టేసరికి ఆవిడ వీధి మలుపు తిరిగింది.

లోపలి జేబులో ఒక కొత్త తాళం చెవి, దానికి చుట్టిన కాగితం. కాగితం మీద వీధి పేరు, ఇంటి నంబరు, "గది శనివారం నుంచి". చదివాను. మర్చిపోలేదు. పిన్నులు పక్కకి తోసి దాన్ని డబ్బాలో వెయ్యబోయాను.

"ఏంటది? ఫోటో తియ్యలేదేం?" అన్నాడు బాబాయి వెనకనుంచి.

"టీచరమ్మది బాబాయ్. తనే వస్తానంది."

"కోటు ఆవిడది. ఖాతా వాళ్లాయనది. ఈ వారం కంపెనీ తనిఖీ ఉంది, తెలుసుగా?"

"బాబాయ్."

ఆయన తాళం చెవిని జాకెట్టు అంచుతో తుడిచాడు. కాగితాన్ని రెండువైపులా ఇస్త్రీ చేశాడు. ఇంటి నంబరు మీద మెరుపు పడుతోందని గుడ్డను కిటికీ వైపు తిప్పాడు.

"బాబాయ్" అన్నాను మళ్లీ. మూడోసారి అనలేదు. ఆవిడ ఇల్లు వదిలిపోతోంది, ఆయన పట్టుకుంటాడు అని రెండు ముక్కలు అంటే చాలు. డబ్బాలో పిన్నులు సర్దుతూ నిలబడ్డాను. ఫోటో వెళ్లిన చప్పుడు విన్నాను.

పది నిమిషాల్లో అయిదు స్టార్లు. గంటలోపే భర్త వచ్చాడు. నున్నగా గీసుకున్న గడ్డం, నవ్వు ముఖం. నెత్తుటి చుక్కలు పడ్డ ఆయన చొక్కాల చేతులు ఉతికినదాన్ని, ఆ నవ్వు నేను నమ్మలేదు. తాళం చెవిని అటూ ఇటూ తిప్పి చూసి బాబాయికే ఇచ్చాడు.

"జేబులోనే పెట్టేయండి. నేను చూశానని ఆవిడకి చెప్పకండి. ఏదో సర్‌ప్రైజ్ చేస్తోంది పాపం."

"తప్పకుండా సార్. మీ నమ్మకమే మాకు బలం" అన్నాడు బాబాయి, రెండు చేతులతో తాళం చెవి అందుకుంటూ.

మంగళవారం మధ్యాహ్నం నేను బడి గేటు దాకా వెళ్లాను. లోపల పిల్లలు గోలగోలగా ఉన్నారు. నా ఈడువాళ్లు చదివి వెళ్లిపోయిన బడి అది. కాపలా మనిషి "ఎవరు కావాలి?" అని అడిగేసరికి వెనక్కి వచ్చేశాను. బుధవారం మళ్లీ వెళ్లాను. ఈసారి కాపలా మనిషి ముఖం చూడకుండా నేల చూస్తూ, "టీచరుకి కోటు కబురు" అన్నాను.

టీచరమ్మ మెట్ల కిందకి వచ్చింది. వేళ్లనిండా సుద్ద.

"నువ్వా? ఏంటమ్మా?"

"మీ తాళం చెవి టీచర్. డబ్బా ఇప్పుడు లేదు. ఫోటో తీసి పంపుతారు. మీవారి ఫోనుకి వెళ్లింది."

ఆవిడ నన్ను మెట్ల వెనక్కి లాగింది. "ఎప్పుడు?"

"సోమవారం."

"ఇవాళ బుధవారం."

"నిన్న గేటు దాకా వచ్చాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకి ఆనుకుని, సుద్దంటిన వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంటూ నిలబడింది.

"అందుకా" అంది చివరికి. "రెండు రోజులుగా ఎంత బాగా ఉంటున్నారో. నిన్న టీ కూడా ఆయనే పెట్టిచ్చారు. శనివారం వెళ్లక్కర్లేదేమో అని నిన్న సాయంత్రం అనుకున్నాను కూడా."



"కాగితం కూడా కనబడిందా? వీధి పేరుతో సహా?"

"బాబాయి ఇస్త్రీ చేసి మరీ తీశాడు టీచర్."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నేను ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. "మీ బాబాయి పని ఎప్పుడూ శుభ్రమే. ఆయన డబ్బా తప్ప ఈ ఊళ్లో నాకు సొంతమైన చోటు లేదనుకున్నాను. ఎందుకిలా చేశారో ఒక్కసారి అడుగు నువ్వు."

"కోటు తెచ్చి ఇవ్వనా?"

"వద్దు. అది తీసుకుంటే నీ మీదికి వస్తుంది. చలికి ఇంకేదో చూసుకుంటాను."

గంట మోగింది. పిల్లలు లోపలికి పోతున్నారు. ఆవిడ తరగతికి వెళ్లలేదు, బ్యాగు తెచ్చుకుని వెనక గేటులోంచి వెళ్లిపోయింది. ఆ గదికి వెళ్లలేదు, వెళ్లడానికి వీల్లేదు. ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే మా ఇంట్లో ఎవరో ఒకరు మర్యాదగా ఎవరికో చెప్పేస్తారు.

గురువారం కొట్టు తీసేసరికి భర్త బయట నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. మాట మాత్రం అంతే మెత్తగా ఉంది.

"మా ఆవిడ ఇటేమైనా వచ్చిందా?"

"లేదు సార్."

"సరే, ఆవిడ కోటు ఇచ్చేయండి. తాళం చెవితో సహా."

కోటు కడ్డీ చివర నా చేతికి దగ్గర్లో ఉంది. బాబాయి "ఇవ్వమ్మా" అన్నాడు. నేను దాని భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను.

"కోటు మీకు సరిపోతుందా?" అన్నాను.

భర్త నా వైపు చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ కొట్టుకి వస్తున్నాడు, నన్ను చూడడం అదే మొదలు. "ఏంటి?"

"సరిపోదు. అయితే ఆ జేబు మీది కాదు."

నేను బాబాయి వైపు చూశాను. ఆ మాటలు ఆయనవి. ఆయనకి గుర్తొస్తాయనుకున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం, పాత మనిషి వస్తున్నాడనుకున్నాను.

"క్షమించాలి సార్, చదువు లేని పిల్ల" అన్నాడు. నా చెయ్యి తీసి పక్కకి పెట్టి, కోటుకి కవరు తొడిగి, తాళం చెవిని పైన టేపుతో అంటించి ఇచ్చాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

భర్త వెళ్లాక నేను మొత్తం చెప్పాను. జీవితంలో అంతసేపు మాట్లాడింది అప్పుడే. బడికి వెళ్లానని కూడా చెప్పాను. టీచరమ్మ అడగమన్నది కూడా అడిగాను. "ఎందుకిలా చేశావు బాబాయ్?"

"నేనేం చేశాను?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "దొంగిలించానా? దాచానా? ఉన్నది ఉన్నట్టు పంపించాను. ఎవరింట్లో ఏముందో నాకెందుకు?"

"ఇదివరకు నువ్వు ఇచ్చేవాడివి కాదు. కోటు మీకు సరిపోతుందా అని అడిగేవాడివి."

ఆయన ఇస్త్రీ పెట్టె సెగ తగ్గించాడు. సిగ్గుపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

"మనుషుల ముఖం మీదే అలా అనేవాణ్ని కదా" అన్నాడు. "ఎంత మొరటుగా ఉండేవాణ్నో. తలుచుకుంటే నాకే ఏదోలా ఉంటుంది."

ఆ మధ్యాహ్నమే పిన్నులు బల్ల మీద కుమ్మరించి, బిస్కెట్ డబ్బా తీసుకుని గుండీల అత్త గదికి వెళ్లిపోయాను. అత్త ఏమీ అడగలేదు. ఆవిడ అడగకపోవడం నేను చూడడం అదొక్కసారే. కుర్చీ జరిపి చోటిచ్చింది. ఇప్పుడు అక్కడే గుండీలు కుడుతున్నాను, అంచులు మడుస్తున్నాను. ఇల్లు మాత్రం బాబాయిదే, అమ్మ మంచం అక్కడే ఉంది, పోవడానికి నాకు వేరే చోటు లేదు.

పోయిన ఆదివారం పిన్ని ఆయన నీలం జాకెట్టు ఉతకడానికి వేస్తూ, "జేబులు చూడవే" అంది. చెయ్యి అలవాటుగా వెళ్లింది. నాలుగు మడతల కాగితం ఒకటి దొరికింది. కంపెనీ అచ్చువేసి ఇచ్చింది, ఈ నెల మేటి సేవకి బహుమానం. కింద ఖాతాదారు మాట. "పోవలసిన వస్తువు పోకుండా సమయానికి నా కంటపడేలా చేశారు. ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో అరుదు." చొక్కాల చేతులు నేను ఉతికిన ఆ మనిషిదే, ఆ సోమవారం అయిదు స్టార్లతో పాటు రాసింది.

కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచాను. పొయ్యిలో పెట్టవచ్చు. పిన్నికి ఇవ్వవచ్చు. జేబు ఆయనది. వరండాలో కూర్చుని ఉన్నాడు, తీసుకెళ్లి ఆయన చేతికే ఇచ్చాను.

ముఖం వెలిగింది. "దొరికిందా? ఎక్కడ పెట్టానా అని చూస్తున్నా. చదివావా?"

"లేదు."

"అయితే ఇప్పుడు చదువు. కాస్త గట్టిగా, లోపల మీ అమ్మకి కూడా వినబడాలి."

"నేను చదవను బాబాయ్."

ఒకప్పుడైతే చెంప పగిలేది. ఆయన మెత్తగా నవ్వి, "సరే అమ్మా, నీ ఇష్టం" అన్నాడు. లేచి, మూడు అరలు వెతికి కళ్లద్దాలు తెచ్చుకుని, కాగితాన్ని మోకాలి మీద చేత్తో సాపు చేసుకున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చివరిదాకా, గట్టిగా తనే చదువుకున్నాడు.